రెక్కల ఖరీదు

స్త్రీల చరిత్ర చదివేటప్పుడు నాకో అలవాటు ఏర్పడింది. ఎవరి గురించి చదివినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ సమయంలో ఇంటి పని ఎవరు చేశారు? పరిశోధన చేస్తున్న రోజుల్లో రచయిత్రుల జీవితాలకి ఈ ప్రశ్నలు వేసేదాన్ని. జవాబు చాలాసార్లు మసకగానే ఉండిపోయేది. కాగితం, కలం చవక. పిల్లలు నిద్రపోయాక వంటింటి గట్టు మీద కూడా కథ రాయొచ్చు. రాత్రిపూట దొంగిలించుకున్న గంటల్లో రాశామని మన రచయిత్రులు ఎంతమంది చెప్పుకోలేదు! కానీ దొంగిలించుకున్న గంటల్లో విమానం నడపడం కుదరదు. చాటుగా కుదరదు. గంటకి ఇంతని డబ్బు కట్టాలి, పగటిపూట ఇల్లు వదిలి వెళ్లాలి, పదిమందీ చూస్తుండగా నేల వదలాలి. కొంతకాలంగా నేను విమానాలు నడిపిన తొలితరం స్త్రీల గురించి చదువుతున్నది అందుకే. ఒక స్త్రీ కోరికకి సమాజం ఎంత వెల కడుతుందో ఇక్కడ అక్షరాలా అంకెల్లో కనిపిస్తుంది.

ఈ స్త్రీల గురించి మామూలుగా దొరికేది 'తొలి మహిళ' చరిత్ర. తొలి మహిళా పైలట్, తొలి మహిళా కెప్టెన్, తొలి నల్లజాతి మహిళ. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఒక్కొక్కరికి ఒక్కో లైను. పేరు, ఏడాది, అంతే. ఆ లైను చదివిన ఆడపిల్లకి గర్వం కలుగుతుందేమో గానీ దారి మాత్రం తెలియదు. ఆ ఏడాదికి ముందు పదేళ్లు ఆమె ఏం చేసింది, ఎవరి బట్టలు ఉతికింది, ఎవరి దగ్గర అప్పు చేసింది, ఎవరికి అబద్ధం చెప్పింది - చరిత్రంతా అక్కడుంది. ఆ ఏడాది తర్వాత ఏమైందన్నది ఇంకో చరిత్ర.

బెస్సీ కోల్మన్ సంగతి చూద్దాం. 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, అట్లాంటా అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదమూడు మంది పిల్లల్లో పదోది. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా కాలేదు. తర్వాత కుటుంబం వాక్సహాచీ అనే పత్తి ప్రాంతానికి వలస వెళ్లింది. తండ్రి పూర్వీకుల్లో అమెరికా మూలవాసులున్నారు. టెక్సస్ జాతి వివక్ష భరించలేక ఆయన 1901లో ఓక్లహోమా వైపు వెళ్లిపోయాడు. తల్లి సూసన్ పిల్లల్తో ఉండిపోయింది. ఆమె తెల్లవాళ్ల ఇంట్లో పనికి కుదిరితే, చెల్లెళ్లని చూసుకోవడం బెస్సీ వంతయింది. బడి నాలుగు మైళ్ల దూరం. ఒకే గది. పత్తి తీతలు మొదలైతే బడి మూత. తెలంగాణ పత్తి పల్లెల్లో పెరిగినవాళ్లకి ఈ వాక్యం కొత్తేమీ కాదు. ఆ పిల్ల పత్తి ఏరడంలో అంత చురుకు కాదట గానీ లెక్కల్లో గట్టిదని, తూకం దగ్గర ఇంటివాళ్ల తరఫున లెక్క తనే చూసేదని చెబుతారు. ఈ చిన్న వివరం నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత ఆమె బతుకంతా ఒక పెద్ద లెక్కే.

బట్టలు ఉతికి కూడబెట్టిన డబ్బుతో 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో, నల్లజాతి వాళ్ల కోసం పెట్టిన కాలేజీలో చేరింది. ఒక్క టర్ము చదివేసరికి డబ్బు అయిపోయింది. మళ్లీ వాక్సహాచీ, మళ్లీ చాకిరేవు. ఇరవై మూడేళ్ల వయసులో అన్నల దగ్గరికి షికాగో వెళ్లింది. అక్కడ మగవాళ్ల క్షౌరశాలలో చేతిగోళ్లు తీర్చిదిద్దే పనిలో చేరింది. 1917లో తనకంటే చాలా పెద్దవాణ్ణి పెళ్లి చేసుకుంది గానీ ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు. ఆయనతో కలిసి కాపరం చేసిన జాడ కూడా లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అన్న జాన్, ఫ్రాన్సులో ఆడవాళ్లు విమానాలు కూడా నడుపుతారు, మీవల్ల ఏమవుతుంది అని ఎగతాళి చేశాడని ఒక కథ ఉంది. జీవిత చరిత్రలు రాసినవాళ్లందరికీ ఈ సన్నివేశం ఇష్టం. నాకు కొంచెం చిరాకు. ఆడవాళ్ల పట్టుదలకి ఎప్పుడూ ఎవడో మగవాడి మాట నిప్పంటించాలా? పేపర్లలో యుద్ధవిమానాల ఫొటోలు చూసి కూడా ఒక మనిషికి ఎగరాలనిపించవచ్చు కదా. కారణమేదైనా, ఆమె అమెరికాలో తెలిసిన శిక్షణ సంస్థలన్నీ తిరిగింది. ఆడది, పైగా నల్లది. ఎవరూ చేర్చుకోలేదు.

అప్పుడు ఆమె చేసిన పని చూడండి. 'షికాగో డిఫెండర్' అనే నల్లజాతి పత్రిక యజమాని రాబర్ట్ అబ్బాట్ సలహా మీద ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టింది. పగలు క్షౌరశాలలో గోళ్లు, మిగిలిన టైములో ఫ్రెంచి క్రియాపదాలు. ఎక్కువ జీతం వస్తుందని ఒక చిన్న హోటల్ నడిపే ఉద్యోగానికి మారింది. కూడబెట్టినదానికి అబ్బాట్, మరికొందరు సాయం చేసింది కలుపుకొని 1920 నవంబరులో ఓడెక్కింది. ఉత్తర ఫ్రాన్సులోని ల క్రొతువాలో కోద్రో సోదరుల విమాన పాఠశాల ఆమెను చేర్చుకుంది. ఆ రోజుల్లో నేర్పే విమానం గుడ్డ, కర్ర, తీగలతో కట్టినది. బ్రేకులుండవు. దిగాక తోక నేలకి రాసుకుంటూ ఆగాలి. తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో చనిపోవడం ఆమె కళ్లారా చూసింది. 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్స్ చేతికొచ్చింది. లైసెన్స్ మీద పుట్టిన సంవత్సరం 1896 అని ఉంటుంది. నాలుగేళ్లు తగ్గించి చెప్పింది. ముప్పై దాటబోతున్న ఆడది ఏదన్నా కొత్తగా మొదలుపెడుతున్నానంటే లోకం ఎలా చూస్తుందో ఆమెకి తెలుసు.

జనరల్ నాలెడ్జి పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. కానీ లైసెన్స్ వచ్చాక బెస్సీ కష్టాలు తీరలేదు, పెరిగాయి. లైసెన్స్ ఉంది, విమానం లేదు. ఆనాడు విమానంతో బతకాలంటే సంతల్లో, మైదానాల్లో గాల్లో పల్టీలు కొట్టి టికెట్లు అమ్ముకోవాలి. అది నేర్చుకోడానికి 1922లో మళ్లీ యూరప్ వెళ్లింది. ఆ సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర తొలి ప్రదర్శన ఇచ్చింది. అప్పుటప్పు చేసి, టైర్ల కంపెనీకి ప్రచారం చేసిపెట్టి, 400 డాలర్లకి సైన్యం వాడి పారేసిన కర్టిస్ జెన్నీ విమానం కొంది. 1923 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలెస్ దగ్గర అది గాల్లోకి లేస్తూనే ఇంజను ఆగి కూలింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. విమానం తుక్కయింది. మైదానంలో టికెట్టు కొన్న జనం ఎదురుచూస్తున్నారు. కోలుకోడానికి నెలలు పట్టింది. మళ్లీ పూర్తి స్థాయిలో ప్రదర్శనలకి రావడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది.

డబ్బు అంత కటకటగా ఉన్న మనిషి రెండు చోట్ల డబ్బు వదులుకుంది. ఒకటి సినిమా. ఆమె జీవితం లాంటి కథతో సినిమా తీస్తామంటే ఒప్పుకుంది. తొలి సన్నివేశంలో చిరిగిన బట్టలతో, మూటతో, పల్లెటూరి నల్లపిల్లగా నడిచి రావాలన్నారు. తెల్లవాళ్ల ఊహలోని నల్లమనిషి బొమ్మకి నేను ఒళ్లు అప్పగించనని సెట్ మీంచి వెళ్లిపోయింది. ఆమె చేసింది తలపొగరు అన్నవాళ్లలో నల్లజాతి పత్రికలవాళ్లు, నిర్మాతలు కూడా ఉన్నారు. రెండోది సొంత ఊరు వాక్సహాచీ. అక్కడి ప్రదర్శనకి తెల్లవాళ్లకో గేటు, నల్లవాళ్లకో గేటు పెట్టబోయారు. గేటు ఒకటే అయితేనే ఎగురుతానంది. లోపల కూర్చునే చోట్లు వేరుగానే ఉన్నాయి, గేటు మాత్రం ఒకటైంది. ఒక్క గేటుతో ఏమొచ్చిందని అడిగేవాళ్లుంటారు. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకి గేటు ఎందుకు ముఖ్యమో వివరించనక్కర్లేదు.

ఆమె అసలు కోరిక పల్టీలు కొట్టడం కాదు. నల్లజాతి పిల్లలకి విమానం నడపడం నేర్పే బడి పెట్టాలని. అందుకోసం చర్చిల్లో, బడుల్లో, నాటకశాలల్లో ఉపన్యాసాలిచ్చింది. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఒక పాస్టరు దంపతుల ఇంట్లో ఉంటూ, విమానం అప్పు తీర్చడానికి అక్కడొక బ్యూటీ పార్లరు తెరిచింది. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అట్లాంటిక్ దాటి వెళ్లి లైసెన్స్ తెచ్చుకుని, వేలమంది తలలెత్తి చూసిన మనిషి, ఐదేళ్ల తర్వాత మళ్లీ అదే పనికి వచ్చింది. మళ్లీ ఎవరివో జుట్లు, ఎవరివో గోళ్లు. కానీ ఆమె దీన్ని ఓటమి అనుకున్నట్టు కనపడదు. చేతిలో ఉన్న విద్య అది. ఆకాశానికి అద్దె కట్టడానికి అదే పనికొచ్చింది.

1926 ఏప్రిల్ 30 ఉదయం ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, మర్నాటి ప్రదర్శన కోసం మైదానం చూసుకోడానికి పైకెళ్లింది. విమానం పాతది. టెక్సస్ నుంచి అక్కడికి తెచ్చేటప్పుడే దారిలో మొరాయించి దిగాల్సి వచ్చింది. మెకానిక్ విలియం విల్స్ నడుపుతున్నాడు. పారాచూట్‌తో ఎక్కడ దూకాలో చూడ్డానికి వంగి చూడాలి కాబట్టి ఆమె బెల్టు పెట్టుకోలేదు. విమానం ఉన్నట్టుండి మునకేసి తల్లకిందులైంది. ఆమె పడిపోయింది. విల్స్ కూడా బతకలేదు. శిథిలాల్లో చూస్తే, ఎవరో మరిచిపోయిన రెంచి ఒకటి కంట్రోళ్లలో ఇరుక్కుని ఉంది. ఆమెకి ముప్పై నాలుగేళ్లు. మంచి విమానం కొనగలిగి ఉంటే, చూసే మెకానిక్కులు నలుగురుంటే అని అనుకోకుండా ఉండలేం. 'దురదృష్టం' అని మనం రాసేసేవాటిలో సగం పేదరికమే.

షికాగోలో అంత్యక్రియలకి వేలమంది వచ్చారు. ఆ సభ నడిపింది ఇడా బి. వెల్స్. మూకహత్యల మీద ఒంటరిగా పోరాడిన పాత్రికేయురాలు ఆమె. పుస్తకాల్లో ఒక చోట రాజకీయ ఉద్యమం, ఇంకో చోట సాహసం అని వేర్వేరు అధ్యాయాలుగా చదువుకునే స్త్రీలు నిజానికి ఒకరికొకరు తెలుసు, ఒకరి శవం దగ్గర ఒకరు నిలబడ్డారు. 1929లో లాస్ ఏంజిలెస్‌లో విలియం పవెల్ ఆమె పేరుతో ఏరో క్లబ్బు పెట్టి నల్లజాతి యువతకి శిక్షణ మొదలుపెట్టాడు. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మే జెమిసన్ తనతో బెస్సీ ఫొటో తీసుకెళ్లింది. 1969లో బెస్సీ జ్ఞాపకాలు పుస్తకంగా రాసింది మాత్రం ఆమె చెల్లెలు ఎలోయిస్. అక్క పెంచిన చెల్లెళ్లలో ఒకరు.

బెస్సీ ఫ్రాన్సులో పాఠాలు నేర్చుకుంటున్న 1921 జనవరిలోనే లాస్ ఏంజిలెస్‌లో అమీలియా ఎర్‌హార్ట్ తొలి పాఠం నేర్చుకుంది. అమీలియా గురించి మనకందరికీ తెలుసు. తెల్లమ్మాయి, ఒకప్పుడు కలిగిన కుటుంబం. అయినా ఆమెకీ డబ్బు తేలిగ్గా రాలేదు. టెలిఫోన్ కంపెనీలో గుమాస్తాగా పనిచేసి ఫీజు కట్టింది. అమ్మానాన్నలు విడిపోయి, ఇంట్లో డబ్బు హరించుకుపోయిన 1924లో విమానం అమ్మేసి, కారు కొని, తల్లిని ఎక్కించుకుని దేశం ఆ చివర నుంచి ఈ చివరికి నడుపుకొచ్చింది. కొన్నాళ్లు ఆమె పని బోస్టన్‌లో వలస కుటుంబాల మధ్య సంఘసేవ. 1928లో అట్లాంటిక్ దాటే విమానంలో చోటు దొరికే నాటికి ఆమె ఉద్యోగం అదే.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అమీలియా కాదు, ఆమెకు నేర్పిన మనిషి. నీటా స్నూక్. అమీలియా కంటే ఒక్క ఏడాది పెద్దది. కూలిపోయిన విమానం కొని తల్లిదండ్రుల ఇంటి పెరట్లో తనే బాగుచేసుకున్న స్త్రీ. దాంతోనే సొంతంగా వ్యాపారం నడిపింది. 1922లో, పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు విమానాన్ని వదిలేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె పేరెత్తినవాళ్లు లేరు. 1974లో, తనే కలం పట్టి, అమీలియాకి ఎగరడం నేర్పింది నేనే అన్న పేరుతో పుస్తకం రాసుకోవాల్సి వచ్చింది. ఆ పేరులో కూడా ముందు వెలిగేది శిష్యురాలే. ఒకే మైదానంలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరు ప్రపంచానికంతా తెలిసిన పేరు, ఇంకొకరు అడుగున చిన్నక్షరాలు. తేడా ప్రతిభలో ఉందని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

సాహిత్య విద్యార్థినిగా ఇక్కడ నాకు వర్జీనియా వుల్ఫ్ గుర్తుకు రాక తప్పదు. స్త్రీ రాయాలంటే తనకంటూ ఒక గది, ఏడాదికి అయిదువందల పౌన్లు కావాలని 1929లో చెప్పింది. గది గురించి మనం వేల పేజీలు రాశాం. అయిదువందల పౌన్ల గురించి తక్కువ. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో వుల్ఫ్ దాచలేదు. కథకురాలికి ఒక మేనత్త ఆస్తి రాసిస్తుంది. ఆ మేనత్త చల్లగాలికి గుర్రం మీద వెళుతూ కిందపడి చనిపోయింది, అదీ బొంబాయిలో. అంటే వలస పాలనలో బొంబాయిలో గుర్రం మీద షికారు చేసే స్థాయి కుటుంబపు డబ్బు, లండన్‌లో ఒక స్త్రీకి స్వేచ్ఛయింది. కల్పితమే కావచ్చు, కానీ వుల్ఫ్ ఊరకే రాసే మనిషి కాదు. ఆ పుస్తకం వచ్చిన ఏడాది, 1929 ఫిబ్రవరిలో, అదే బొంబాయిలో జె.ఆర్.డి. టాటా మన దేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్స్ తీసుకున్నాడు. ఎవరి మేనత్త ఆస్తి లేకుండా ఈ దేశంలో ఒక ఆడది ఎగరడం ఎలా?

సరళా ఠక్రాల్ జీవితం చదివితే కొంత జవాబు దొరుకుతుంది. 1914లో పుట్టింది. పదహారేళ్లకి పి.డి. శర్మతో పెళ్లయింది. అత్తవారింట తొమ్మిదిమంది పైలట్లు. భర్త కరాచీ, లాహోర్ల మధ్య టపా విమానం నడిపేవాడు. మొగుడికంటే మామగారు ఎక్కువ ప్రోత్సహించాడని సరళ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. 1936లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఎగిరింది. అప్పటికి ఇంట్లో నాలుగేళ్ల కూతురుంది. చీరలో ఎగిరిందన్న సంగతి ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. మన పత్రికలకి చీర మీదున్న మోజు తెలిసిందే. నాలుగేళ్ల పాప మాత్రం ఒక్కో వ్యాసంలో ఉంటుంది, ఒక్కో వ్యాసంలో మాయమవుతుంది. 1932లోనే ఊర్మిళా పారిఖ్ లైసెన్స్ పొందిందని మరికొన్ని చోట్ల రాస్తారు. ఎవరు ముందు అన్న వాదం మీద నాకు ఆసక్తి లేదు. ఇద్దరు ఉన్నారంటే సంతోషమే.

సరళకి దారి వేసింది అత్తిల్లు. అందుకని ఆ దారి ఎవరి చేతుల్లో ఉందో కూడా చూడాలి. వెయ్యి గంటలు ఎగిరింది. 1939లో భర్త విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ల వయసు, ఇద్దరు ఆడపిల్లలు. అప్పుడు ఆమె కమర్షియల్ లైసెన్స్ కోసం ప్రయత్నించింది. ఇంతవరకూ సరదా, ఇప్పుడు జీతం కావాలి. సరిగ్గా అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పౌర విమాన శిక్షణ ఆగిపోయింది. లాహోర్‌లో మేయో కళాశాలలో చేరి బొమ్మలు వేయడం నేర్చుకుంది. దేశ విభజనలో పిల్లల్తో ఢిల్లీ చేరింది. 1948లో ఆర్.పి. ఠక్రాల్‌ని పెళ్లి చేసుకుంది. నగలు, చీరల డిజైన్లు, బట్టల మీద అద్దకం - వీటితో వ్యాపారం చేసి బతికింది. 2008లో చనిపోయింది. మళ్లీ విమానం నడపలేదు. ఆమె గురించి రాసినవాళ్లు రెండో సగాన్ని 'బహుముఖ ప్రజ్ఞ' అంటారు. ప్రజ్ఞ ఉన్న మాట నిజమే. కానీ ఎగరడం చేతనైన మనిషి నేల మీద బతుకుతెరువు వెతుక్కున్న కథ అది. దాన్ని పూలదండ వేసి కప్పేయడం నాకు నచ్చదు.

మన ఊరి కథ ఇంకొకటుంది. ప్రేమ్ మాథుర్ అలహాబాదు మనిషి. 1947లో కమర్షియల్ లైసెన్స్ సంపాదించింది. సరళకి అందనిది ఆమెకి అందింది. కానీ ఉద్యోగం? ఎనిమిది కంపెనీలు కాదన్నాయని చెబుతారు. ఆడది నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు భయపడతారట. చివరికి పిలిచింది హైదరాబాదు. నిజాం ప్రభుత్వమూ టాటాలూ భాగస్వాములుగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట నుంచి డకోటాలు నడిపేది. ప్రేమ్ అందులో కో-పైలట్‌గా చేరి భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ అయింది. 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది. ఆ పందెం గెలిచిన మనిషికి కూడా ఇక్కడ కెప్టెన్ సీటు దక్కలేదు. కుడివైపు సీటు వరకే. పక్క సీటు కోసం ఆమె ఢిల్లీ వెళ్లి ఒక పారిశ్రామికవేత్త సొంత విమానం నడపాల్సి వచ్చింది.

1947, 1948, 1949. ఈ మూడేళ్లలో హైదరాబాదు గురించి మనం ఎంత రాసుకున్నాం! రజాకార్లు, పోలీసు చర్య, సాయుధ పోరాటం. 'మనకు తెలియని మన చరిత్ర' మాకు నేర్పింది ఆ కాలంలోని స్త్రీలని వెతకడం. దాని ఋణం నా తరం పరిశోధకులందరికీ ఉంది. అడవుల్లో తుపాకీతో నడిచిన స్త్రీలూ, బేగంపేట మైదానంలో డకోటా ఎక్కిన ఈ స్త్రీ ఒకే ఆకాశం కింద ఉన్నారు. వాళ్లని పోల్చడం కాదు నా ఉద్దేశం. వర్గం వేరు, పణంగా పెట్టింది వేరు. కానీ ఉద్యమం తర్వాత 'ఇక ఇళ్లకి వెళ్లండి' అన్న మాటా, 'కో-పైలట్ దాకా చాలు' అన్న మాటా ఒకే నోటి నుంచి వచ్చినట్టుంటాయి. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్ కెప్టెన్‌గా, అందరూ స్త్రీలే నడిపిన విమానం కలకత్తా నుంచి సిల్చార్ వెళ్లింది. అంటే ఆ పక్క సీటుకి జరగడానికి దాదాపు నలభై ఏళ్లు.

నా రెండు ప్రశ్నలు నాకు కూడా వర్తిస్తాయి. నా పిహెచ్‌డికి డబ్బు ఫెలోషిప్ నుంచి వచ్చింది, అది ఆలస్యమైనప్పుడు మా ఆయన జీతం నుంచి. పాప పుట్టాక రెండేళ్లు అమ్మ మా ఇంట్లోనే ఉంది. నాన్న ఊళ్లో ఒక్కడే వండుకున్నాడు, వంట రాక ఎక్కువగా పెరుగన్నమే తిన్నాడు. థీసిస్ ముందుపేజీలో అమ్మకి ఒక వాక్యం దక్కింది, గైడ్‌కి ఒక పేరా. అది పద్ధతి. బెస్సీ జీవితంలో ఎలోయిస్‌నీ, సరళ జీవితంలో ఆ నాలుగేళ్ల పాపనీ నేను పట్టుబట్టి వెతకడానికి ఆ పద్ధతి మీద కోపం కూడా ఒక కారణం.

ఇప్పుడు పరిస్థితి మారలేదని అనను. మన దేశపు పైలట్లలో స్త్రీలు దాదాపు పదిహేను శాతం. ప్రపంచ సగటు అందులో మూడోవంతే. ఈ అంకె చూసి అమెరికా వాళ్లే ఆశ్చర్యపోతుంటారు. 2021లో బండ్ల శిరీష అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చినప్పుడు మన పేపర్లు తెనాలినీ గుంటూరునీ ఎంత సంబరంగా రాశాయో చూశాం. జాతి, లింగం పేరుతో ముఖాన తలుపులు వేసే రోజులు చాలావరకూ పోయాయి. ఇప్పుడా తలుపు దగ్గర క్యాష్ కౌంటరుంది. కమర్షియల్ లైసెన్స్‌కి రెండువందల గంటలు ఎగరాలి. మొత్తం ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది. కొడుకుకైతే పొలం అమ్మే తండ్రి, కూతురికైతే ఆ డబ్బు పెళ్లికి అని పక్కనపెడతాడు. ఈ లెక్కలో కట్నం ఒక అంకె అని ఏ విమానయాన నివేదికా రాయదు.

డిగ్రీ కాలేజీలో బెస్సీ గురించి పాఠం చెప్పిన రోజు చివరి బెంచీ అమ్మాయి ఒకతె క్లాసయ్యాక వచ్చింది. "మేడమ్, ఇప్పుడు ఎంతవుతుందండీ?" అని అడిగింది. బెస్సీ గురించి అంత చెప్తే, వివక్ష మీద నేను సిద్ధం చేసుకున్నదంతా వదిలేసి, సరిగ్గా ఆ ప్రశ్నే వేసింది. నాకు తెలిసింది చెప్పాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ బ్లౌజులు కుడుతుంది. నోటుబుక్కు వెనక పేజీలో భాగహారం చేసింది. నెలకి ఇంత చొప్పున అయితే ఎన్నేళ్లని. వచ్చిన జవాబు చూసి నవ్వేసి, "ముసలిదాన్నైపోతా మేడమ్" అంది. బెస్సీ నాలుగేళ్లు తగ్గించుకుందని చెప్పాను. "నేను పది తగ్గించాలి" అంది.

డిగ్రీ అయ్యాక శంషాబాద్ విమానాశ్రయంలో ఒక ఎయిర్‌లైన్స్ చెక్-ఇన్ కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు, రాత్రిళ్లు క్యాబు. ఇంట్లో మొదట గొడవైంది, జీతం చూశాక సద్దుమణిగింది. ఎగిరే గంటలు కొనకముందే రాసుకోగల పరీక్షలు కొన్నున్నాయి, వాతావరణ శాస్త్రం, నేవిగేషన్, విమానయాన నిబంధనలు. వాటి ఫీజు జీతంలోంచి కట్టుకోవచ్చు. తమ్ముడి ఇంజినీరింగు ఫీజు కట్టాక మిగిలినదాంతో పుస్తకాలు కొంటోంది. పోయిన నెల మెసేజ్ పెట్టింది. మెటియొరాలజీ పాసైందట. నేవిగేషన్ నాలుగు మార్కుల్లో పోయింది, మళ్లీ రాయాలి.